తలకట్టు చెప్పే చరిత్ర

బడిలో చేరిన మొదటి నెలలోనే పిల్లల చెవిన పడే మాట తలకట్టు. క నెత్తిన, త నెత్తిన ఉండే ఆ చిన్న గీత లేకపోతే అక్షరం పూర్తి కాదు. మనిషికి కూడా తలకట్టు అలాంటిదే. జుట్టు ముడి వేశాడా, పాగా చుట్టాడా, క్రాపు తీశాడా, గుండు కొట్టించాడా అన్నదాన్ని బట్టి అతను ఏ కాలంవాడో, ఏ పనిమీద ఉన్నాడో, ఇంట్లో జరిగింది పెళ్ళో చావో కొంతవరకు చదవొచ్చు. మన ఆడవాళ్ళ కొప్పుల గురించి, పూసల గురించి, పచ్చబొట్ల గురించి ఎంతో కొంత రాశారు. మన మగవాళ్ళ తలల గురించి రాసింది తక్కువ. గీసింది మాత్రం చాలా ఎక్కువ. గీసినవాళ్ళలో ఎక్కువమంది మనల్ని చూడకుండానే గీశారు.

ఏటా ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినం జరుపుకుంటాం. ఐక్యరాజ్య సమితి 1994లో ఈ రోజును ప్రకటించింది. ఆ రోజు మన బడుల్లో, కార్యాలయాల గోడల మీద, ఫ్లెక్సీల మీద కనిపించే ఆదివాసీ మగవాణ్ణి ఒకసారి గుర్తు చేసుకోండి. చింపిరి జుట్టు, దాని చుట్టూ ఒక పట్టీ, పట్టీలో నిలువుగా గుచ్చిన ఈక, నడుముకు ఆకులు, చేతిలో బల్లెం. అతను గోండు కాడు, కోయ కాడు, చెంచు కాడు, సవర కాడు, కొండరెడ్డి కాడు. మన గూడేల్లో ఏ ముసలాయన్ని అడిగినా వాళ్ళ తాత అలా ఉండేవాడని చెప్పడు. అయినా మన పిల్లలు డ్రాయింగు పోటీలో ఆదివాసీని గీయమంటే ఆ బొమ్మనే గీస్తున్నారు. బహుమతులు కూడా దానికే వస్తున్నాయి. ఈ బొమ్మ ఎక్కడిది? దాని స్థానంలో ఏ బొమ్మ ఉండాలి? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతకటమే ఈ వ్యాసం పని.

మైదానంలో పోయిన ముడి

మొదట ఒక అపోహ తీసేసుకుందాం. మగవాడు జుట్టు పెంచి ముడి వేసుకోవటం అడవి లక్షణమనీ, కత్తిరించుకోవటం నాగరికత అనీ చాలామంది అనుకుంటారు. చరిత్ర అలా చెప్పదు. సుమారు రెండు వేల ఏళ్ళ నాటి అమరావతి శిల్పాలు చూడండి. మద్రాసు మ్యూజియంలో, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఆ పలకల మీద రాజులు, వర్తకులు, సేవకులు కనిపిస్తారు. చాలామంది మగవాళ్ళ తలల మీద బట్ట మెలికలు తిప్పి చుట్టిన పెద్ద పాగాలు ఉంటాయి. నుదుటి పైన ఆ పాగా ముడి గుండ్రంగా లేచి ఉంటుంది. జుట్టు, పాగా రెండూ అప్పటి మగవాడి గౌరవంలో భాగం.

అంత దూరం పోనక్కర్లేదు. నూటయాభై ఏళ్ళ కిందటి మైదానపు తెలుగు పల్లెల్లో కూడా మగవాళ్ళు జుట్టు పెంచి సిగ వేసుకునేవాళ్ళు. కొందరు ముందుభాగం గొరిగించి వెనక జుట్టు ముడివేసేవాళ్ళు. కొందరికి పిలక ఉండేది. పట్నం వెళ్ళేటప్పుడు దాని మీద పాగా చుట్టేవాళ్ళు. కందుకూరి వీరేశలింగం, గురజాడ అప్పారావు మనకు బాగా తెలిసిన బొమ్మల్లో తలపాగాతోనే కనిపిస్తారు. ఇంగ్లీషు చదువులు, కచేరీ ఉద్యోగాలు వచ్చాక జుట్టు పొట్టిగా కత్తిరించుకోవటం మొదలైంది. దానికి తెలుగులో పేరే లేదు. అందుకే ఇంగ్లీషు మాటనే తెచ్చుకుని క్రాపు అన్నాం. క్రాపు పెట్టుకున్నాడని కొడుకుల మీద తండ్రులు మండిపడిన ఇళ్ళు ఆ రోజుల్లో ఎన్నో.

అంటే ముడి మన దగ్గర మొదలైందీ కాదు, మన దగ్గర మాత్రమే ఉన్నదీ కాదు. మైదానంలో ఒక తరం ముందు పోయింది, అడవిలో ఒకటి రెండు తరాల తర్వాత పోయింది. ముందు తీసేసినవాళ్ళు తర్వాత దాకా ఉంచుకున్నవాళ్ళను చూసి అడవి మనుషులు అన్నారు. తమ తాతల ఫోటోలు గోడ మీద నుంచి దించి చూసుకుంటే ఆ మాట అనేవాళ్ళు కారు.

మన దగ్గర జుట్టు సంరక్షణకు కావలసినవన్నీ అడవే ఇచ్చేది. తలకు ఇప్పనూనె, కానుగనూనె. రుద్దుకోవటానికి కుంకుడు, సీకాయ. చాలా గూడేల్లో మంగలి ఉండేవాడు కాదు, ఒకరి తల ఒకరు చూసుకునేవాళ్ళు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఇవాళ్టికీ మన దగ్గర కొనే సరుకుల్లో కుంకుడుకాయ, సీకాయ ఉన్నాయి. జుట్టు పెంచటం చేతకాక చింపిరిగా వదిలేసిన మనుషులుగా మనల్ని గీసినవాళ్ళు తలంటుకున్న సీకాయ మాత్రం మన గంపల్లోంచి వెళ్ళింది.

కొలతలు, కెమెరాలు

మన మగవాళ్ళ తలలను మొదటిసారి కాగితం మీదికి ఎక్కించింది చిత్రకారులు కాదు, ప్రభుత్వం. 1857 తిరుగుబాటు తర్వాత ఈ దేశంలో ఎవరెవరు ఉన్నారో ఫోటోలతో సహా తెలుసుకోవాలని ఇంగ్లీషు దొరలు అనుకున్నారు. 1868 నుంచి 1875 దాకా ఎనిమిది సంపుటాలుగా ‘పీపుల్ ఆఫ్ ఇండియా’ అనే పుస్తకం వేశారు. ప్రతి బొమ్మ కింద ఫలానా కులం, ఫలానా తెగ అని రాశారు. అందులో మనిషికి పేరు అవసరం లేదు. అతను ఒక రకానికి నమూనా, అంతే.

మన వైపు ఆ పని చేసింది ఎడ్గర్ థర్‌స్టన్. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం అధికారిగా ఉంటూ, కె. రంగాచారి సాయంతో 1909లో దక్షిణ దేశపు కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. కొలిచే పరికరాలు వెంట తీసుకుని తిరిగేవాడు. తల పొడవు, తల వెడల్పు, ముక్కు పొడవు, ముక్కు వెడల్పు కొలిచి అంకెలు రాసుకునేవాడు. జుట్టు ఉంగరాలదా, అలలుగా ఉందా, చక్కగా ఉందా అన్నది కూడా ఆ చూపులో ఒక గుర్తే. తలను కొలిచారు, తలలో ఏముందో అడగలేదు. అయినా ఆ పుస్తకాలను పారేయమని మేము అనం. ఎవరు ఏం కట్టుకున్నారో, జుట్టు ఎలా ముడిచారో ఆ పేజీల్లో అక్కడక్కడా దొరుకుతుంది. రాసినవాడి చూపును పక్కన పెట్టి, అతను చూసినదాన్ని తీసుకోవటం మనం నేర్చుకోవాలి.

తర్వాత వచ్చినవాడు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. ఆస్ట్రియా దేశస్థుడు. 1940ల మొదట్లో నల్లమల చెంచుల దగ్గర, గోదావరి కొండల్లో కొండరెడ్ల దగ్గర, ఆదిలాబాద్ గోండుల దగ్గర నెలల తరబడి ఉన్నాడు. చెంచుల మీద పుస్తకం 1943లో, కొండరెడ్ల మీద 1945లో, రాజగోండుల మీద 1948లో వచ్చాయి. నిజాం ప్రభుత్వంలో గిరిజన వ్యవహారాల సలహాదారుగా పనిచేశాడు. మార్లవాయిలో 1943లో గోండు బడి, ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది ఆయన చొరవతోనే. ఆయన తీసిన వేల ఫోటోలు లండన్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. అందులో చెంచు మగవాళ్ళు కనిపిస్తారు. పొడుగు జుట్టు వెనక్కి లాగి ముడి వేసుకుని, పలచని గడ్డం మీసంతో, భుజాన విల్లుతో. నుదుటి మీద పట్టీ లేదు, ఈక లేదు. గోండు పెద్దలు తెల్లటి తలపాగాలతో, ధోవతులతో ఉంటారు. వాళ్ళు కెమెరా వైపు చూసే చూపులో ఒక ఊరి పెద్దరికం ఉంటుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ చెంచుల పుస్తకం అచ్చయిన 1943లోనే ‘చెంచులక్ష్మి’ సినిమా కూడా వచ్చింది. 1958లో అదే కథ మళ్ళీ సినిమా అయింది. పుస్తకం ఇంగ్లీషులో ఉండిపోయింది, చదివినవాళ్ళు కొద్దిమంది. సినిమా ఊరూరా ఆడింది. చెంచులంటే ఎవరో మైదానానికి చెప్పింది మన్ననూరు అడవిలో తీసిన ఫోటో కాదు, స్టూడియోలో వేసిన వేషం. మన మగవాడి తల ఫోటోలో ఒకలా, వేషంలో ఇంకొకలా ఉండిపోయింది. జనం మనసులో నిలిచింది వేషమే.

ఈక ఎక్కడిది?

ఆ వేషంలో ముఖ్యమైనది ఈక. మన దగ్గర ఈకలు లేవా అంటే ఉన్నాయి. గోండుల దండారిలో గుస్సాడీ తల మీద పెట్టుకునే నెమలి ఈకల కిరీటం ఎంత పెద్దదో చూసినవాళ్ళకు తెలుసు. మార్లవాయికి చెందిన కనకరాజు గారు 1981లో ఢిల్లీ గణతంత్ర వేడుకల్లో గుస్సాడీ ఆడించారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ కిరీటాన్ని దేశం చూసింది ఆయన వల్లే. కోయల కొమ్ము నృత్యంలో మగవాళ్ళు అడవిదున్న కొమ్ములు, వాటి మధ్య నెమలి ఈకలు కూర్చిన తలకట్టు పెట్టుకుంటారు. దాన్ని పెర్మకోకు అంటారు.

కానీ గుస్సాడీ కిరీటం రోజూ పెట్టుకునేది కాదు. దీపావళి రోజుల్లో, దీక్షలో ఉన్నవాడు పెట్టుకునేది. దండారి ముగిసేదాకా గుస్సాడీ స్నానం చేయడు, ఒంటికి బూడిద పూసుకుంటాడు. ఆ కొద్ది రోజులు అతను మన ఇంటి మనిషి కాదు, దేవుడి మనిషి. ఊరంతా అతనికి మొక్కుతుంది. పెర్మకోకు కూడా అంతే. పండక్కి, పెళ్ళికి, దేవర కొలుపుకు బయటికి వస్తుంది, తర్వాత జాగ్రత్తగా లోపలికి వెళ్తుంది. పొలం దున్నేవాడి నెత్తిన, సంతకు వెళ్ళేవాడి నెత్తిన దాన్ని గీస్తే, పూజారి హారతి పళ్ళెం పట్టుకునే బజారుకు వెళ్తాడని గీసినట్టు ఉంటుంది.

మరి నుదుటి పట్టీలో గుచ్చిన ఆ ఒక్క ఈక ఎవరిది? అది సముద్రాల అవతలిది. ఉత్తర అమెరికాలో తెల్లవాళ్ళు భూములు లాక్కున్న ఆదివాసీ జాతులను హాలీవుడ్ సినిమాలు, బొమ్మల పుస్తకాలు ప్రపంచానికి చూపించిన తీరు అది. అడవి మనిషి అనగానే మన చిత్రకారులు చాలామంది ఆ అచ్చునే దించారు. పాపం, ఆ ఈక అక్కడివాళ్ళ దగ్గర కూడా అలంకారం కాదు. లకోటా వంటి జాతుల్లో గద్ద ఈకను ధైర్యం చూపి సంపాదించుకోవాలి. ఒక్కో ఈక వెనక ఒక్కో పని ఉంటుంది. అంటే వాళ్ళ గౌరవాన్నీ మన గౌరవాన్నీ ఒకే బొమ్మలో పోగొట్టారు. పట్నాల్లో ఈకల టోపీ పెట్టుకుని జాతకాలు చెప్పే కోయదొర వేషం కూడా ఈ అయోమయాన్ని పెంచింది. ఆ వేషం వేసే అందరూ కోయలు కారు. సినిమాల్లో నవ్వు కోసం పెట్టే కోయదొర అయితే అసలే కాడు.

అమెరికా మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పుకుందాం. 1879లో పెన్సిల్వేనియాలో కార్లైల్ అనే ఆదివాసీ హాస్టల్ బడి పెట్టారు. పిల్లలు రాగానే చేసిన మొదటి పని జుట్టు కత్తిరించటం. వచ్చినప్పుడు ఒక ఫోటో, కొన్నాళ్ళ తర్వాత ఇంకొక ఫోటో తీసేవాళ్ళు. నవాహో జాతికి చెందిన టామ్ టొర్లినో ఫోటోలు అందులో బాగా పేరుపడ్డాయి. 1882 నాటి ఫోటోలో పొడుగు జుట్టు, చెవులకు పోగులు, మెడలో హారం. 1885 నాటి దాంట్లో కోటు, టై, పక్క పాపిడి. చూడండి, మనిషిని బాగుచేశాం అని చెప్పటానికి ఆ రెండు ఫోటోలను పక్కపక్కన పెట్టి ప్రచారం చేశారు. చాలా జాతుల్లో జుట్టు కత్తిరించుకునేది ఇంట్లో చావు జరిగినప్పుడు. బడికి వచ్చిన పిల్లవాడికి ఎవరు చనిపోయారో అర్థం కాలేదు.

హాస్టల్ కత్తెర

మన ఆశ్రమ పాఠశాలలు కార్లైల్ కావు. వాటివల్లనే మేము ఈ వ్యాసం రాయగలుగుతున్నాం, మీరు చదవగలుగుతున్నారు. అన్నం పెట్టాయి, అక్షరం ఇచ్చాయి. అయినా మన మగపిల్లల తలల చరిత్రలో హాస్టల్ కత్తెరకు ఒక పేజీ ఇవ్వాలి. మాలో చాలామందికి అది గుర్తుంది. కత్తెర పట్టుకుని ఒక మనిషి వచ్చేవాడు. మామిడిచెట్టు కింద వరసగా కూర్చునేవాళ్ళం. అందరికీ ఒకటే కత్తిరింపు. పేలు పడతాయి, శుభ్రంగా ఉండాలి అనేవాళ్ళు. ఆ మాట నిజమే. కానీ ఆ మాటతో పాటు ఇంకో మాట కూడా వినపడేది: అడవి జుట్టు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ముడి వేసుకున్న తాతను చూసి కొందరు పిల్లలు సిగ్గుపడ్డారు. పేలు కత్తెరతో పోయాయి, ఆ సిగ్గు మాత్రం పోవటానికి చాలా ఏళ్ళు పట్టింది.

ముడి పోవటానికి హాస్టల్ ఒక్కటే కారణం కాదు. గనుల్లో, డిపోల్లో కూలికి వెళ్ళినవాళ్ళు పనికి అడ్డం అని కత్తిరించుకున్నారు. పోలీసు, సైన్యం ఉద్యోగాల్లో చేరినవాళ్ళకు క్రాపు నిబంధన. సంతల్లో అద్దం, కుర్చీ పెట్టుకున్న క్షౌరశాలలు వచ్చాయి. సినిమా వచ్చింది. అడవిలో అనుమానం కళ్ళు పెరిగిన రోజుల్లో, ముడి, గడ్డం ఉన్న మనిషిని ఆపి ప్రశ్నలు అడగటం ఎక్కువైంది. కొందరు ఆ బాధ పడలేక తీసేశారు. ఇష్టపడి తీసేసినవాళ్ళూ ఎంతోమంది ఉన్నారు. ఇవన్నీ కలిస్తేనే చరిత్ర. మన తాతల ముడిని ఎవరో ఒకరోజు వచ్చి కోసేశారని చెప్పటం తేలిక, కానీ జరిగింది అది కాదు.

జుట్టు ఇవ్వటం కూడా మనకు తెలిసిన పనే. మేడారం జాతరలో జంపన్నవాగు దగ్గర తలనీలాలు ఇచ్చేవాళ్ళ వరసలు చూడండి. పుట్టువెంట్రుకలు తీయించటం, చావు తర్వాత గుండు చేయించుకోవటం, అన్నీ మనం ఎరిగినవే. ఇష్టంగా ఇచ్చేటప్పుడు జుట్టు మొక్కు అవుతుంది. ఎవరో తక్కువ చేసి తీసేటప్పుడు అదే జుట్టు అవమానం అవుతుంది. తల కొట్టేసినట్టయింది అనే మాట తెలుగులో ఊరికే పుట్టలేదు.

మనవాళ్ళు గీసిన మనుషులు

ఇతరులు మనల్ని ఎలా గీశారో చూశాం. మనం మనుషుల్ని ఎలా గీశాం? శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం, అవతల ఒడిశా కొండల్లో ఉన్న సవరలు ఇంటిగోడ మీద దేవుళ్ళ కోసం, పెద్దల కోసం బొమ్మలు వేస్తారు. సన్నని గీతలు, త్రికోణాల ఒళ్ళు. ఆ ఒళ్ళు చూసి ఆడా మగా చెప్పటం కష్టం. ఏనుగు మీద వెళ్ళేవాడు, గొడుగు పట్టుకున్నవాడు, విల్లు ఎక్కుపెట్టినవాడు, ఇలా చేసే పనిని బట్టి మనిషిని గుర్తుపట్టాలి. మహారాష్ట్ర వార్లీల బొమ్మల్లోనూ ఒళ్ళు రెండు త్రికోణాలే. తల వెనక చిన్న చుక్కలా కొప్పు పెడితే ఆమె ఆడమనిషి. జుట్టు అక్కడ ఒక్క చుక్కలోనే మనిషిని చెప్పేస్తుంది.

ఒడిశా సవరల గురించి వెరియర్ ఎల్విన్ 1955లో రాసిన పుస్తకంలో సాహిబోసుం అనే ఒక శక్తి ఉంది. పర్యటనకు వచ్చే దొరలతో పాటు ఊళ్ళోకి కీడు రాకుండా చెక్కతో ఒక బొమ్మ చేసి నిలబెట్టేవాళ్ళు. ఆ బొమ్మ దొరదే, దాని గుర్తు నెత్తిన టోపీ. వాళ్ళు పరికరాలతో మన తలలు కొలుస్తున్న రోజుల్లో మనవాళ్ళు కూడా వాళ్ళ తలను గమనించారన్నమాట. చూడటం ఒకవైపే జరగలేదు.

కోయల డోలోళ్ళు ఇలవేల్పుల కథ చెప్పేటప్పుడు విప్పే పడిగెల మీద కూడా బట్టతో, రంగులతో మన మూలపురుషులు ఉంటారు. బస్తర్ మురియాల ఘోటుళ్ళ గురించి ఎల్విన్ 1947లో రాశాడు. అక్కడి కుర్రాళ్ళు కట్టెతో దువ్వెనలు చెక్కి అమ్మాయిలకు ఇచ్చేవాళ్ళు. ఇవాళ భద్రాద్రి, ములుగు అడవుల్లో గుత్తికోయలని మనం పిలిచేవాళ్ళు ఆ బస్తర్ వైపు నుంచి వచ్చినవాళ్ళే. దువ్వెన మీద అన్ని నగిషీలు చెక్కిన జాతిని చింపిరి జుట్టుతో గీయటం ఎంత అన్యాయమో ఆలోచించండి.

భీం తల మీద ఏముంది?

ఇప్పుడు అసలు కష్టమైన చోటికి వద్దాం. జల్, జంగల్, జమీన్ కోసం పోరాడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణాలిచ్చిన కొమురం భీంను గీయమంటే ఎలా గీయాలి? మనం ఊరూరా పెట్టుకున్న విగ్రహాలు, క్యాలెండర్ బొమ్మలు ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి గీసినవి కావు. అందుకే ఒకచోట కోరమీసం, ఇంకోచోట మామూలు మీసం. ఒకచోట పాగా, ఇంకోచోట గాలికి ఎగిరే జుట్టు. ఒకచోట పహిల్వాను ఒళ్ళు, ఇంకోచోట సన్నని మనిషి. జార్ఖండ్‌లో 1900లో జైల్లో మరణించిన బిర్సా ముండాకు తలపాగాతో ఉన్న పాత ఫోటో ఉంది కాబట్టి ఆయన బొమ్మలన్నీ దాదాపు ఒకే దారిలో నడుస్తాయి. భీం విషయంలో ఎవరి ఊహ వాళ్ళది.

2022లో విడుదలైన ఒక పెద్ద సినిమా ప్రచారచిత్రంలో భీం పాత్ర టోపీతో కనిపించినప్పుడు మన ప్రాంతంలో అభ్యంతరాలు వచ్చాయి. సినిమాలో అది పాత్ర వేసుకున్న మారువేషమని తర్వాత తేలింది. అదలా ఉంచితే, ఒక మనిషి నెత్తిన ఏముందన్నది ఎంత పెద్ద ప్రశ్నో ఆ రోజు అందరికీ తెలిసింది. కాకపోతే మేము అడిగేది ఇంకొంచెం ముందు ప్రశ్న. టోపీ కాదంటే మరి ఏమిటి? అది మనం చెప్పగలిగి ఉండాలి.

చెప్పటానికి ఆధారం ఉంది. భీం చనిపోయిన కొద్ది కాలానికే హైమెన్‌డార్ఫ్ ఆదిలాబాద్ గోండు గూడేల్లో ఫోటోలు తీశాడు. ఆ ఫోటోల్లో ఉన్నవాళ్ళు భీం ఈడువాళ్ళు, ఆయన తరంవాళ్ళు. వాళ్ళు పాగా ఎలా చుట్టారో, మీసం ఎంత పెంచారో, భుజాన బట్ట ఎలా వేసుకున్నారో అందులో ఉంది. ఇవాళ్టికీ నాగోబా జాతరకు ముందు మెస్రం వంశీయులు తెల్లబట్టలతో, తెల్లపాగాలతో గోదావరి జలం కోసం కాలినడకన వెళ్తారు. ఆ పాగా చుట్టే చెయ్యి పాత చెయ్యే. ఆ ఫోటోలు, ఈ చేతులు రెండూ చూసి గీస్తే భీం మనవాడిలా ఉంటాడు. సినిమా హీరో మొహం తెచ్చి అతికిస్తే పోస్టరులా ఉంటాడు.

మన్యం ఫితూరీ బొమ్మల్లో ఇంకో లోటు ఉంది. 1922 నుంచి 1924 దాకా జరిగిన ఆ పోరాటంలో అల్లూరి సీతారామరాజు గడ్డం, పొడుగు జుట్టు అందరికీ తెలుసు. ఆయన పక్కన నిలిచిన గాం గంటందొర, గాం మల్లుదొర మొహాలు ఎంతమందికి తెలుసు? చాలా బొమ్మల్లో వాళ్ళు వెనక గుంపులో, అందరికీ ఒకే జుట్టుతో, ఒకే మొహంతో ఉంటారు. మల్లుదొర జైలుశిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికైనవాడు. అడవిలో తుపాకీ పట్టిన మల్లుదొరను, పార్లమెంటు మెట్లెక్కిన మల్లుదొరను రెండు బొమ్మలుగా మన పిల్లలు గీస్తే ఆ పాఠం వాళ్ళకు జన్మలో మరపుకు రాదు. నాయకుడికి మొహం, మనవాళ్ళకు గుంపు అన్న పద్ధతి అప్పుడే పోతుంది.

గీసేవాళ్ళకు నాలుగు మాటలు

టీచర్లకు, బొమ్మలు వేసే యువతకు మేము చెప్పదలచుకున్నది ఇది.

ముందు ఎవరిని గీస్తున్నారో తేల్చుకోండి. ఆదివాసీ అని ఒక మనిషి ఉండడు. చెంచు ఉంటాడు, కోయ ఉంటాడు, కొలాం ఉంటాడు. తర్వాత కాలం తేల్చుకోండి. 1940 నాటి చెంచుకు ముడి ఉంటుంది, ఇవాళ్టి చెంచు కుర్రాడికి పక్కలు దగ్గరగా కత్తిరించిన క్రాపు ఉంటుంది. ఇద్దరూ చెంచులే. సందర్భం కూడా చూసుకోండి. పొలంలో ఉన్నాడా, దండారిలో ఉన్నాడా? కిరీటం దండారిలోనే. తువ్వాలు తలకు చుట్టటం ఎండలో.

ముడి గీసేటప్పుడు జుట్టు వెనక్కి లాగినట్టు ఉంటుంది కాబట్టి నుదురు విశాలంగా కనిపిస్తుంది, చెవులు బయటికి వస్తాయి. చింపిరిగా గీసే అలవాటు చేతిని వదలాలి. పాగా గీసేటప్పుడు అది టోపీ కాదని గుర్తుంచుకోండి. అది పొడుగు బట్ట. ఎక్కడ మొదలై ఎక్కడ దోపుకున్నారో గీతలు చెప్పాలి. ఒకసారి మీరే చుట్టుకుని అద్దంలో చూసుకుంటే తెలిసిపోతుంది. మన మగవాళ్ళలో చాలామందికి గడ్డం, మీసం పలచన. వీరుడు కాబట్టి కోరమీసం ఉండాలన్న రూలు ఎవరో పెట్టింది, మనది కాదు. ధైర్యం మీసంలో లేదు.

ఇంకొకటి. ఇవాళ్టి మన కుర్రాళ్ళను కూడా గీయండి. క్రికెటర్ క్రాపు, సినిమా హీరో క్రాపు, జుట్టుకు రంగు, చేతిలో ఫోను, బైకు. వాళ్ళు ఆదివాసీలు కారా? ఆదివాసీతనం వేషంలో ఉంటే వేషం తీయగానే పోవాలి. అది భూమిలో, భాషలో, వంశంలో, దేవరల్లో ఉంది. క్రాపు మార్చుకున్నంత మాత్రాన పోయేది కాదు. జుట్టున్నమ్మ ఏ కొప్పయినా పెడుతుందని సామెత. జుట్టు మనదైనప్పుడు ఏ కత్తిరింపయినా మనదే.

ఈ ఏడు ఆగస్టు 9కి బడిలో ఈకల పోటీ బదులు ఇంకో పని పెట్టి చూడండి. ప్రతి పిల్లవాడూ ఒక కాగితం మీద నాలుగు తలలు గీయాలి: ముత్తాత, తాత, తండ్రి, తాను. ముత్తాతను చూసినవాళ్ళు ఎవరూ లేకపోతే ఊళ్ళో పెద్దలను అడగాలి. ఆయన ముడి వేసేవాడా? పాగా చుట్టేవాడా? ఏ నూనె రాసేవాడు? ఎప్పుడు కత్తిరించుకున్నాడు, ఎందుకు కత్తిరించుకున్నాడు? జవాబులు బొమ్మ కిందే రాయాలి. ముప్ఫై మంది పిల్లలుంటే నూట ఇరవై తలలు వస్తాయి. వాటిని తెగ పేరుతో, మనిషి పేరుతో, కాలంతో సహా బడిగోడకు అతికించండి. థర్‌స్టన్ దగ్గర అంకెలున్నాయి, సినిమావాళ్ళ దగ్గర వేషాలున్నాయి. ఆ గోడ మీద మాత్రం మన మనుషులుంటారు.